కాజబోన్ ఇంటి వంతు

ఎదురింటి ఫిర్మాన్ గారు తొంభై ఒకటో ఏట, మంగళవారం తెల్లవారకముందే, నిద్రలో కాలం చేశారు. రొట్టెల బండి ఆవిడ ద్వారా ఆ మాట నా చెవిన పడగానే ఒక సానుభూతి కార్డు మీద నాలుగు వాక్యాలు రాసి, వాళ్ల గేటుకున్న డబ్బాలో చప్పుడు కాకుండా వేసి, ఇంటికొచ్చి వీధి వైపు కిటికీ తలుపులు దగ్గరగా వేసుకున్నాను. పోయినసారి కథ అక్కడ ఆగింది.

ఆ రోజంతా రేడియో పెట్టలేదు. గడ్డి కోసే యంత్రం బయటికి తీయలేదు. గుడ్డు పెట్టి ఊరంతా చాటుతున్న కోడిని కూడా ఊరుకోమని కసిరాను. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఇవ్వగలిగిన వాటిలో గొప్పది ఏకాంతమేనని ఇంగ్లండులో పెరిగిన మా తరం నమ్మకం. సాయంత్రం నోరీన్ ఫోన్ చేసినప్పుడు ఆమె కూడా అదే అంది. నోరీన్, ఆమె భర్త క్లైవ్ కూడా మావాళ్లే. వాగు అవతల పాత పిండిమరను బాగు చేయించుకుని ఉంటున్నారు. ఫిర్మాన్ గారి ఇంటివాళ్లను వాళ్ల మానాన వదిలెయ్యమనీ, అంత్యక్రియలు అయ్యాక ఒక కేకు తీసుకెళ్తే సరిపోతుందనీ సలహా ఇచ్చింది. నాకూ అది సబబుగానే తోచింది.

నేను చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. మా ఆయన అలెక్, నేను తొమ్మిదేళ్ల కిందట ఫ్రాన్సు నైరుతి మూలన, పిరనీ కొండల కిందున్న ఈ ఊరికి వచ్చి ఈ రాతి ఇల్లు కొన్నాం. ఇక్కడ ఇళ్లకు పేర్లుంటాయి. మనుషుల్ని ఆ పేర్లతోనే పిలుస్తారు. మా ఇంటి పేరు కాజబోన్. ఎదురిల్లు సార్తు. నా సొంత పేరు హేజెల్ అన్న సంగతి పోస్టు తెచ్చే మనిషికి తప్ప ఎవరికీ పట్టదు. అలెక్ పోయి రెండేళ్లయింది. అయినా తోటలో బంగాళాదుంపలు ఊరుతూనే ఉన్నాయి, గురువారం సంత జరుగుతూనే ఉంది, నేను ఇక్కడే ఉన్నాను. ఇక్కడ ఉండటం నాకు బాగానే ఉంది.

బుధవారం పొద్దున్నే వంటింటి తలుపు తెరుచుకుంది. ఫిర్మాన్ గారి కూతురు బెర్నాదెత్. ఆమెకు అరవై దాటాయి. మొక్కజొన్న చేనంతా ఒంటిచేత్తో చూసుకునే మనిషి. లోపలికి వచ్చింది గానీ ‘బోన్‌జూర్’ అనలేదు. ఈ ఊళ్లో పెంకుటింటికి నిప్పంటుకుందని చెప్పడానికి పరుగెత్తుకొచ్చినవాళ్లు కూడా ముందు ఆ పలకరింపు పలికాకే నిప్పు మాట ఎత్తుతారు.

“మా ఇంట్లో గడియారం ఇంకా కొట్టుకుంటోంది” అంది.

దుఃఖంలో మాట తడబడుతోందేమో అనుకున్నాను. కుర్చీ లాగి, టీ పెడతానన్నాను.

“మీ టీకి ఏం తొందర్లేదు లెండి. గడియారం ఆపే దిక్కు లేదు. అద్దం మీద గుడ్డ కప్పే దిక్కు లేదు. పొయ్యి వెలగలేదు. నిన్న పొద్దున్నుంచి నేనూ మా ఆయనా నాన్న మంచం పక్కన కూర్చుని మీ తలుపు వంకే చూస్తున్నాం. తలుపు తెరుచుకుంది, మీరొచ్చారు, హమ్మయ్య అనుకున్నాం. డబ్బాలో కాగితం పడేసి వెళ్లిపోయారు.”

మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని అలా చేశానన్నాను. గౌరవం కొద్దీ, అని కూడా అన్నాను.

“గౌరవమా?” ఆమె ఆ మాటను తిరగేసి చూసినట్టు పలికింది. “చావొచ్చిన ఇంట్లోవాళ్లు మట్టి చేసేదాకా దేనికీ చెయ్యి పెట్టకూడదు మేడమ్. అది మొదటి పొరుగు పని.”

“మొదటి పొరుగు ఎవరు?”

ఏడాది చివర్లో లేచి నిలబడి, ‘నేను ఏ తరగతి?’ అని అడిగిన పిల్లను నేను ఎలా చూసేదాన్నో, బెర్నాదెత్ నన్ను అలా చూసింది.

“మీరే.”

ఆ తర్వాత ఆమె నిలబడే చెప్పింది. ఇక్కడ మొదటి పొరుగును ఎవరూ ఎంచుకోరట. అది మనుషులకు కాదు, ఇళ్లకు ఉండే బంధం. సార్తుకు మొదటి పొరుగు కాజబోన్, కాజబోన్‌కు సార్తు. ఎప్పటినుంచి అంటే చెప్పేవాళ్లు లేరు. ఆ రెండు ఇళ్లలో ఎవరుంటున్నారు, ఏ దేశం వాళ్లు, చర్చికి వెళ్తారా లేదా, ఒకరికొకరు నచ్చుతారా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఆ ఇంట్లో మనిషి పోతే ఈ ఇల్లు వెళ్లి పొయ్యి ముట్టించాలి, వంట చేయాలి, గడప గడపకీ వెళ్లి కబురు చెప్పాలి, శవపేటిక మోసేవాళ్లను పిలవాలి, శవయాత్రలో కొవ్వొత్తి పట్టుకుని అందరికంటే ముందు నడవాలి.

ఇల్లు కొన్నప్పుడు దస్తావేజు చదివిన నోటరీ ఇవేవీ చెప్పలేదని అన్నాను. నిజానికి అది సమర్థింపే.

“ఆయనకేం తెలుసు, పట్నం వాడు. అక్కడ పక్కింటివాడు చచ్చిన సంగతి వాసన వస్తే గానీ తెలీదు” అంది బెర్నాదెత్. వెంటనే గొంతు తగ్గించింది. “మీ ఆయన పోయినప్పుడు మరి ఇదంతా ఎవరు చేశారనుకున్నారు?”

నేను కూర్చున్నాను.

అలెక్ ఆసుపత్రిలో పోయాడు. నేను ఇంటికి వచ్చేసరికి పొయ్యి మండుతోంది. దాని మీద సూపు గిన్నె ఉంది. కోళ్లకు ఎవరో మేత వేశారు. హాల్లో అద్దానికి దుప్పటి కప్పి ఉంది. శుభ్రం చేయడానికి వచ్చే ఆవిడ మరిచిపోయిందనుకుని దాన్ని తీసి మడతపెట్టాను. పేటికను నల్లకోట్లు తొడుక్కున్న నలుగురు మోశారు. ఏర్పాట్లు చేసిన కంపెనీ మనుషులే అనుకుని, మీ సిబ్బంది చాలా మర్యాదస్తులని కంపెనీకి ఉత్తరం కూడా రాశాను. వాళ్లు ఆ మెప్పును మారు మాట్లాడకుండా పుచ్చుకున్నారు. ఇంటి దగ్గర్నుంచి చర్చి దాకా నాకంటే ముందు ఒక పెద్దాయన కొవ్వొత్తి పట్టుకుని నడిచారు. ఫిర్మాన్ గారేనని గుర్తుపట్టాను. వయసు మీద పడి తన చోటు మరిచిపోయారు పాపం, చిన్నబుచ్చడం ఎందుకులే అనుకుని వెనక నడిచాను.

“ఆ రోజు మా నాన్నకి దారి ఇచ్చారు” అంది బెర్నాదెత్. “ఏమీ తెలీకపోయినా అదొక్కటి తెలుసు ఈవిడకి అనుకున్నాం.”

లేచి ఏప్రన్ ముడి విప్పబోయాను.

“అది ఉండనివ్వండి. పనుంది” అంది.

*

సార్తు ఇంట్లో గడియారం నిలువెత్తు పెట్టెలో ఉంది. లోలకం చేతికి చల్లగా తగిలింది. పరుగెత్తే పిల్లవాడి మణికట్టు పట్టుకుని ఆపినట్టు దాన్ని ఆపాను. అద్దానికి గుడ్డ కప్పాను. పొయ్యి ముట్టించాను. ఫిర్మాన్ గారు ఆదివారపు సూటులో, ఛాతీ మీద బెరే టోపీ పెట్టుకుని, పక్కవాళ్ల మాటలు కళ్లు మూసుకుని వింటున్నట్టు పడుకుని ఉన్నారు. ఆలస్యమైందండీ, అన్నాను ఆయనతో. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఎందరినో గుమ్మం బయట నిలబెట్టిన మనిషిని. ఆయన నన్ను నిలబెట్టలేదు.

నోరీన్ మళ్లీ ఫోన్ చేసింది. సంగతి చెప్పాను. వాళ్లు నీ మంచితనాన్ని వాడుకుంటున్నారని, నువ్వేమైనా పనిమనిషివా అని కోప్పడింది. నేను విని, పెద్ద కత్తి ఉంటే తీసుకురా, క్యాబేజీలు చాలా ఉన్నాయి అన్నాను. కాసేపటికి ఇద్దరూ వచ్చారు. క్లైవ్ కట్టెలు మోశాడు. నోరీన్ గోళ్ల రంగు చెడకుండా చేతి తొడుగులు వేసుకుని క్యారెట్లు చెక్కింది, తెల్ల చిక్కుడు గింజలు ఒలిచింది. గంట పోయాక తొడుగులు తీసేసింది. పనికి చెయ్యి పెట్టకూడని బెర్నాదెత్, తలుపు సందులోంచి అన్నీ చూస్తూ, బాతు ముక్కలు ఇప్పుడే వెయ్యొద్దని అరిచి చెప్పేది.

పని మధ్యలో నోరీన్ మెల్లగా అడిగింది, పిండిమరకు మొదటి పొరుగు ఎవరని.

“లాసాల్ వాళ్లు” అంది బెర్నాదెత్ లోపల్నించే. “కానీ మీది కరెంటు గేటు కదా. మీరు పోతే లాసాల్ ఆయన నిచ్చెన వేసుకు రావాలి.”

క్లైవ్ నవ్వాడు. నోరీన్ నవ్వలేదు. ఆ గేటు పగటిపూట తీసే ఉంచుదామా అని మొగుణ్ని అడిగింది.

మధ్యాహ్నం నేను కబురు చెప్పడానికి బయలుదేరాను. చెప్పాల్సిన మాటలు బెర్నాదెత్ నా చేత రెండుసార్లు పలికించుకుంది. గడప దాటకూడదు, కూర్చోకూడదు, ఏం పెట్టినా తాగకూడదు. ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లో వేళ్ల మీద చెప్పింది. అంతా అయ్యాక, కొండ మీది లామోత్ ఇంటికి మాత్రం వద్దంది.

లామోత్‌లో ఉండేది ఒదీల్. ఫిర్మాన్ గారి చెల్లెలు, బెర్నాదెత్‌కు స్వయానా మేనత్త. సంతలో ఆ ఇద్దరూ ఎదురుపడితే జున్ను అమ్మే ఆవిడ మాట ఆపేసి తూకం చూసుకోవడం నేనూ గమనించాను.

“మా అమ్మని మట్టి చేసిన రోజు ఆ మనిషి కొండ దిగలేదు” అంది బెర్నాదెత్. “ఒక్క పూలగుత్తి లేదు, ఒక్క మాట లేదు. ఆ రోజుతో మాకు లామోత్ లేదు. ఆ గడప తొక్కకండి.”

సరేనని గానీ కాదని గానీ అనకుండా బయటపడ్డాను.

ఆ నడక గురించి ఒక మాట చెప్పాలి. నాకు సంతోషంగా ఉంది. చావు కబురు మోస్తూ సంతోషమేమిటని మీకు అనిపించవచ్చు. అక్టోబరు ఎండ మెత్తగా ఉంది. దారి మీద చెస్ట్‌నట్ కాయలు ముళ్ల తొక్కలు విచ్చుకుని పడి ఉన్నాయి. నిన్నంతా వీధి ఖాళీగా ఉండటం చూసి, ఊరంతా నాలాగే సార్తు వాళ్లను ఏకాంతంగా వదిలేసిందనుకున్నాను. కాదు. అందరికీ సంగతి తెలుసు. అయినా కబురు అందనిదే ఎవరూ కదలకూడదు. ప్రతి ఇంట్లోనూ నా కోసం ఎదురుచూస్తున్నారు.

“సార్తు ఇల్లు దుఃఖంలో ఉంది. ఫిర్మాన్ గారు వెళ్లిపోయారు. శుక్రవారం పది గంటలకు చర్చి. కాజబోన్ ఇల్లు మిమ్మల్ని పిలుస్తోంది.”

నా ఫ్రెంచి ఉచ్చారణకు మామూలుగా నవ్వు బిగబట్టుకునేవాళ్లు కూడా ఆ మాటలు విని తలవంచారు. ఒకావిడ, వచ్చావా, అని మాత్రం అంది. మోసేవాళ్లను కుదర్చడమే కష్టమైంది. అక్టోబరులో ఈ ప్రాంతంలో ఎవరూ చావకూడదు. ఒంట్లో సత్తువ ఉన్న మగవాళ్లంతా అడవి పావురాల వేట కోసం చెట్ల మీద మంచెలు కట్టుకుని కూర్చుంటారు. రెండు మంచెల కింద నిలబడి, తల పైకెత్తి, గుసగుసగా కబురు చెప్పాను. పైనుంచి ఒక గొంతు పావురాలు బెదరకుండా అంతే గుసగుసగా, నేను వస్తాను, ఎడమ భుజం అయితే బాగుంటుంది, అంది.

చివరికి మూడు దారులు కలిసే చోటుకు వచ్చాను. కుడివైపు దారి సార్తుకు, వంటింటికి. ఎడమవైపుది కొండ మీదికి, లామోత్‌కు.

పైకి వెళ్తే ఈ రోజే నాకు చోటిచ్చిన ఇల్లు నన్ను మళ్లీ బయట నిలబెట్టవచ్చు. వెళ్లకపోతే ఎవరూ తప్పు పట్టరు. విదేశీ మనిషి, తెలియదు అంటారు. అలా అనిపించుకుంటూ ఈ ఊళ్లో తొమ్మిదేళ్లు హాయిగానే గడిపాను. కానీ హాజరు పిలిచేటప్పుడు, రాదని తెలిసిన పిల్ల పేరు కూడా నేను ఎన్నడూ దాటెయ్యలేదు. పేరుంటే పిలవాలి. పలకడం పలకకపోవడం ఆ పిల్ల ఇష్టం.

ఎడమవైపు తిరిగాను.

ఒదీల్ వాకిట్లో బెంచీ మీద కూర్చుని ఉంది. ఎనభై ఆరేళ్ల మనిషి. నల్ల కోటు వేసుకుని, నల్ల గుడ్డ తలకు చుట్టుకుని, బూట్ల దారాలు బిగించి కట్టుకుని ఉంది. నేను నాలుగు వాక్యాలూ చెప్పేదాకా కదలలేదు.

“బెర్నాదెత్ పంపిందా?”

“లేదు. వద్దంది.”

“మరెందుకొచ్చావ్ అమ్మాయ్?”

అరవై ఎనిమిదేళ్ల నన్ను అమ్మాయ్ అనేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. పిలవాల్సిన ఇల్లు కాబట్టి వచ్చానన్నాను.

ఆమె కొండల వైపు చూస్తూ చెప్పింది. వదిన పోయిన రోజున కూడా ఇలాగే కోటు, బూట్లు వేసుకుని ఈ బెంచీ మీదే కూర్చుందట. ఆ పొద్దంతా కూర్చుంది. మర్నాడూ కూర్చుంది. చర్చి గంట మోగడం ఇక్కడికే వినిపించింది.

“గాస్తోన్ రాలేదు. కొండెక్కడం బద్ధకం వాడికి. కింద కేఫ్‌లో గ్లాసు ముందు పెట్టుకుని, అన్ని ఇళ్లకూ చెప్పొచ్చానని సార్తు వాళ్లకి అబద్ధం చెప్పాడు. కబురు రాకుండా చావింటికి ఎలా పోతాను? దొంగలా పోవాలా?”

గాస్తోన్ మాకు ఇల్లు అమ్మిన మనిషి. అప్పటి కాజబోన్. నేను నిద్రపోతున్నది వాడి గదిలో. ఈ గడపకు రాకుండా ఆగిపోయిన ఇల్లు నాదే.

ఇన్నేళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

“అడిగితే చెబుదామనుకున్నా. వాళ్లు అడగలేదు. మా వంశంలో ఇంకేం ఉన్నా లేకపోయినా పొగరుకి లోటు లేదు” అంది ఒదీల్. “పోయిన ఆదివారం అడిగాడు. చర్చిలో ప్రార్థన అయ్యాక కర్ర పట్టుకుని, ఆగి ఆగి ఎక్కి వచ్చాడు మా అన్న. నువ్వు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. మీ వదిన జాన్ పోతే ఎందుకు రాలేదే అన్నాడు. చెప్పా. ఏడుస్తాడనుకున్నా, నవ్వాడు. గాస్తోన్‌గాడి బద్ధకానికా ఇన్నేళ్లు అన్నాడు. బెర్నాదెత్‌కి చెప్పమన్నా. మొక్కజొన్న కోత అయ్యాక చెబుతా, ఇప్పుడు దాని నోట్లో పడలేను అన్నాడు. కూతురంటే ప్రాణం వాడికి, భయం కూడా.”

కోత మంగళవారం అవ్వాల్సింది.

“పోతూ పోతూ ఒక మాటన్నాడు” అంది. “నేను చచ్చినప్పుడు ఇటుగా వస్తానే, నువ్వు వాకిట్లోనే ఉండు, నీ కాళ్లు నొప్పి కదా అన్నాడు.”

తన పేటిక ఈ కొండ దారిన రావాలని ఆయన కోరిక. కానీ పొద్దున బెర్నాదెత్ దారి సంగతి కూడా చెప్పింది. సార్తు ఇంటి శవాలు వాగు పక్క దారినే చర్చికి వెళ్తాయి. తాతముత్తాతలు వెళ్లిన దారి అది. శవం వేరే దారి తొక్కితే ఏడాది తిరిగేలోగా ఆ ఇంట్లో ఇంకొకరు పోతారని వాళ్ల భయం. బెర్నాదెత్ భర్తకు గుండె ఆపరేషన్ అయి ఆరు నెలలు కూడా కాలేదు.

“బెర్నాదెత్ ఒప్పుకోదు” అన్నాను.

“ఒప్పుకోదు. నేను చెబితే నమ్మదు కూడా.” ఆమె మొదటిసారి నా మొహంలోకి చూసింది. “కానీ కొవ్వొత్తి పట్టుకునేది అది కాదుగా. నువ్వు ఎటు నడిస్తే పేటిక అటు వస్తుంది. ఆ నలుగురూ నీ వీపు చూసి నడుస్తారు, దారి చూసి కాదు.”

పిల్లలు చెప్పే కారణాలు ముప్పై ఏళ్లపాటు విన్నదాన్ని. అబద్ధం చెప్పేవాళ్లు మనం అడగని సంగతులు కూడా కలుపుతారు. ఒదీల్ ఏమీ కలపలేదు. అంతా చెప్పి, బూటు దారం వదులైందేమోనని వంగి చూసుకుంది.

నేను కొండ దిగి వచ్చేసరికి సార్తు వంటింటి పొగగొట్టం నుంచి పొగ నిటారుగా లేస్తోంది. తెరిచిన కిటికీలోంచి ఉడుకుతున్న సూపు వాసన, క్లైవ్ తప్పుల ఫ్రెంచికి బెర్నాదెత్ భర్త నెమ్మదిగా నవ్వుతున్న చప్పుడు వస్తున్నాయి. ఆ ఇల్లు మళ్లీ మామూలుగా ఊపిరి తీసుకుంటున్నట్టుంది. దాన్ని అలా వదిలి, నోరు మూసుకుని, క్యాబేజీల దగ్గరికి వెళ్లిపోవాలనిపించింది.

బెర్నాదెత్ గుమ్మంలో నిలబడి ఉంది. అన్ని ఇళ్లూ అయ్యాయా అని అడగలేదు. కొండ దారి మలుపు నుంచి నేను రావడం చూస్తూనే ఉంది.

“ఏ దారిన వచ్చారు మేడమ్?”

లోపల నోరీన్ గరిటె తిప్పడం ఆపింది.

“శుక్రవారం మీ నాన్న వెళ్లే దారిన” అన్నాను.